సర్వైకల్ క్యాన్సర్: రిపోర్టులో ‘మార్పులు’ అని వస్తే క్యాన్సర్ వచ్చినట్టేనా? గర్భసంచి తీసేయాల్సిందేనా? మహిళలు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలివే..

దవాఖానలో పరీక్ష చేశాక ‘గర్భసంచి మూతి దగ్గర మార్పులు ఉన్నాయి’ అని ఒక్క మాట చెబితే చాలు.. ఇంట్లో అందరూ ఆగమైపోతారు. క్యాన్సర్ వచ్చేసిందని కొందరు భయపడతారు. నొప్పి లేదు, రక్తం లేదు, ఇక మళ్లీ ఎందుకు పోవాలని ఇంకొందరు రిపోర్టు పక్కన పడేస్తారు. మరికొందరు ఎవరో చెప్పారని నేరుగా గర్భసంచి ఆపరేషన్‌కే సిద్ధమైపోతారు. ఈ మూడూ తప్పే.

క్యాన్సర్‌కు ముందు దశలోనే దొరికిపోయి, చిన్న చికిత్సతో ఆపేయగలిగే జబ్బుల్లో సర్వైకల్ క్యాన్సర్ ఒకటి. అయినా మన దేశంలో 2022లో 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ గ్లోబోకాన్ అంచనా. మరి తేడా ఎక్కడ వస్తోంది? భైంసా, ముథోల్, కుభీర్ లాంటి చోట్ల ఉండే మహిళ ఎక్కడికి పోవాలి, ఏం అడగాలి? వివరంగా చూద్దాం.

ఒక్క చూపులో..

• రిపోర్టులో ‘మార్పులు’ అంటే క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న కణాలు అని అర్థం.
• ఈ దశలో నొప్పి, రక్తస్రావం సాధారణంగా ఉండవు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.
• చిన్న మార్పులు చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి. పెద్ద మార్పులకు మాత్రం చికిత్స తప్పనిసరి.
• చికిత్సకు చాలాసార్లు గర్భసంచి తీయాల్సిన అవసరమే ఉండదు.
• చికిత్స అయ్యాక కూడా ఏడాదికి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

అసలు ఈ మార్పులు ఎందుకు వస్తాయి?

గర్భసంచి కింది భాగం, అంటే యోనిలోకి తెరుచుకునే మూతిని గర్భాశయ ముఖద్వారం అంటారు. ఇక్కడ వచ్చే క్యాన్సరే సర్వైకల్ క్యాన్సర్. దాదాపు ప్రతి కేసు వెనకా హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ ఉంటుంది. ఇందులో 16, 18 అనే రెండు రకాలే దాదాపు 70 శాతం కేసులకు కారణం. ఈ లింకును బయటపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

హెచ్‌పీవీ లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. అలాగని దీన్ని తప్పుడు నడతకు ముడిపెట్టడం సరికాదు. పెళ్లయిన తర్వాత భర్త నుంచి కూడా రావచ్చు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు చాలామందికి ఈ వైరస్ సోకుతుంది. 10 మందిలో 9 మందికి రెండేళ్లలోపు ఒంట్లోని రోగనిరోధక శక్తే దాన్ని తరిమేస్తుంది. మిగిలిన కొందరిలో మాత్రం వైరస్ తిష్ట వేస్తుంది. అప్పుడే ముఖద్వారం పైపొరలోని కణాలు మెల్లగా మారడం మొదలవుతుంది.

ఈ మార్పు క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని వారిలో 5 నుంచి 10 ఏళ్లే పట్టొచ్చు. హెచ్‌ఐవీ ఉన్న మహిళలకు ఈ క్యాన్సర్ ముప్పు మిగతావారి కంటే ఆరు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిన్న వయసులో పెళ్లి, ఎక్కువ కాన్పులు, పొగాకు అలవాటు కూడా ముప్పును పెంచుతాయి.

అంటే జబ్బును మధ్యలోనే పట్టుకోవడానికి మన చేతిలో ఏళ్ల తరబడి టైమ్ ఉంటుందన్నమాట.

సీఐఎన్-1, 2, 3.. తేడా ఏంటి?

బయాప్సీ రిపోర్టులో ‘సీఐఎన్’ అనే మాట కనిపిస్తుంది. మారిన కణాలు పైపొరలో ఎంత లోతు వరకు ఉన్నాయో చెప్పే లెక్క ఇది.

సీఐఎన్-1: పైపొరలో కింది మూడో వంతుకే మార్పు ఉంటుంది. చాలావరకు వైరస్ తాత్కాలికంగా చేసే గడబిడ ఇది. సగానికి పైగా కేసుల్లో దానంతట అదే పోతుంది. డాక్టర్లు ఎక్కువగా చికిత్స చేయకుండా గమనిస్తారు.

సీఐఎన్-2: ఇది మధ్యస్థం. 36 అధ్యయనాలను కలిపి 2018లో ప్రచురించిన విశ్లేషణలో, చికిత్స చేయకుండా రెండేళ్లు గమనిస్తే దాదాపు సగం మందిలో తగ్గిపోయింది. మూడో వంతు మందిలో అలాగే ఉంది. 18 శాతం మందిలో ముదిరింది. ఇంకా పిల్లలు కావాలనుకునే చిన్న వయసు మహిళలకు కొన్నిసార్లు దగ్గరుండి గమనిస్తారు. మన దగ్గర మళ్లీ వస్తారో లేదో తెలియదు కాబట్టి డాక్టర్లు చికిత్సకే మొగ్గు చూపుతారు.

సీఐఎన్-3: పైపొర మొత్తం మారిపోయింది, కానీ ఇంకా లోపలికి దిగలేదు. క్యాన్సర్‌కు ఇదే ఆఖరి గడప. దీనికి చికిత్స చేయాల్సిందే.

చికిత్స చేయకపోతే ఏమవుతుంది? న్యూజిలాండ్ చెప్పిన చేదు నిజం

‘నాకేం ఇబ్బంది లేదు కదా, ఎందుకు చికిత్స’ అనుకునే వాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో 1966 నుంచి హెర్బర్ట్ గ్రీన్ అనే డాక్టర్ ముదిరిన మార్పులున్న మహిళలకు సరైన చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ పోయారు. ఇవి క్యాన్సర్‌గా మారవని ఆయన నమ్మకం. తమపై ఇలాంటి ప్రయోగం జరుగుతోందని ఆ మహిళలకు తెలియదు. 1987లో ‘మెట్రో’ పత్రికలో సాండ్రా కోనీ, ఫిలిడా బంకిల్ రాసిన కథనంతో విషయం బయటపడింది. జడ్జి సిల్వియా కార్ట్‌రైట్ విచారణ జరిపి 1988లో నివేదిక ఇచ్చారు.

ఆ తర్వాత పాత రికార్డులన్నీ మళ్లీ తిరగేసి 2008లో లెక్కలు ప్రచురించారు. సీఐఎన్-3 ఉండి సరైన చికిత్స అందని మహిళల్లో 30 ఏళ్లలో 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. రెండేళ్ల తర్వాత కూడా మార్పులు పోని వారిలో అది 50 శాతం. సరైన చికిత్స అందిన వారిలో మాత్రం 0.7 శాతమే.

అంటే చికిత్స లేకపోతే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరికి. ఉంటే 100 మందిలో ఒకరికన్నా తక్కువ. ముందు దశ చికిత్స ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఈ లెక్క చాలు.

అదే క్యాన్సర్ ముదిరాక దొరికితే? మన దేశంలో సర్వైకల్ క్యాన్సర్ రోగుల్లో ఐదేళ్లు బతికినవారు సగటున 52 శాతమే అని క్యాన్సర్ రిజిస్ట్రీల ఆధారంగా 2023లో వచ్చిన విశ్లేషణ తేల్చింది.

ఏ పరీక్షలు ఉన్నాయి?

వీఐఏ: ముఖద్వారంపై పలుచటి అసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్ లాంటి ద్రావణం పూస్తారు. ఒక నిమిషం ఆగి చూస్తారు. మారిన కణాలుంటే ఆ చోట తెల్లమచ్చలా కనిపిస్తుంది. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది, ఖర్చు తక్కువ. శిక్షణ పొందిన నర్సు కూడా చేయగలరు. చూసేవారి అనుభవాన్ని బట్టి ఫలితం మారడం దీని లోపం.

పాప్ స్మియర్: చిన్న బ్రష్‌తో కణాలు తీసి ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూస్తారు. మంచి ల్యాబ్, నిపుణులు కావాలి. రిపోర్టుకు రోజులు పడుతుంది.

హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష: వైరస్ ఉందా లేదా అని నేరుగా చూస్తారు. ఈ మూడింటిలో ఎక్కువ కచ్చితమైనది ఇదే. నమూనాను మహిళ స్వయంగా తీసుకుని ఇవ్వొచ్చు. సిగ్గు, భయంతో పరీక్షకు రాని వారికి ఇది పెద్ద వెసులుబాటు. 30 ఏళ్లు దాటిన వారికి 5 నుంచి 10 ఏళ్లకోసారి ఈ పరీక్ష చేస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. హెచ్‌ఐవీ ఉన్నవారు 25 ఏళ్ల నుంచే, 3 నుంచి 5 ఏళ్లకోసారి చేయించుకోవాలి.

గుర్తుంచుకోండి.. ఇవన్నీ జల్లెడ పట్టే పరీక్షలు మాత్రమే. పాజిటివ్ వచ్చిందంటే క్యాన్సర్ అని కాదు. తర్వాత కాల్పోస్కోప్ అనే భూతద్దం లాంటి పరికరంతో చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. అసలు సంగతి అప్పుడే తేలుతుంది.

పక్క రాష్ట్రంలో ఉస్మానాబాద్.. మన దగ్గర మేడ్చల్

ఈ పరీక్షల్లో ఏది ప్రాణాలు కాపాడుతుందో తేల్చిన పెద్ద అధ్యయనం మనకు దూరంలో జరిగింది కాదు. ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలో భాగమైన ఉస్మానాబాద్ జిల్లాలో, ఇప్పుడు మహారాష్ట్రలో ధారాశివ్ అని పిలుస్తున్న చోట జరిగింది. 30 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న 1,31,746 మంది మహిళలను నాలుగు గ్రూపులుగా చేసి ఎనిమిదేళ్లు గమనించారు. ఫలితాలు 2009లో వచ్చాయి.

ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గ్రూపులో 34 మంది ఈ క్యాన్సర్‌తో చనిపోయారు. ఏ పరీక్షా చేయని గ్రూపులో 64 మంది చనిపోయారు. అంటే జీవితంలో ఒక్క పరీక్షతోనే మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. పరీక్ష చేయకుండా ఒక గ్రూపును అలా వదిలేయడం న్యాయమేనా అన్న ప్రశ్న తర్వాత గట్టిగానే వచ్చింది. ఆ ప్రశ్న సరైనదే. ఆ మహిళల వల్ల తెలిసిన పాఠాన్ని వాడుకోకపోతే మాత్రం అది ఇంకా పెద్ద అన్యాయం.

హైదరాబాద్ పక్కన మేడ్చల్ మండలంలో మెడిసిటీ, షేర్ ఇండియా సంస్థలు ‘క్యాచ్’ పేరుతో మరో అధ్యయనం చేశాయి. ఒకే మహిళకు మూడు పరీక్షలూ చేసి పోల్చారు. 2010లో వచ్చిన ఫలితాల్లో వీఐఏ చాలా మార్పులను పట్టుకోలేకపోయిందని తేలింది. అయితే తమిళనాడులోని దిండిగల్‌లో మంచి శిక్షణతో వీఐఏ చేసి, వెంటనే చికిత్స ఇచ్చినప్పుడు మరణాలు 35 శాతం తగ్గాయి. ఏ పరీక్ష అన్నది ఎంత ముఖ్యమో, ఎవరు చేశారు, ఆ తర్వాత చికిత్స అందిందా అన్నదీ అంతే ముఖ్యం అని దీన్నిబట్టి అర్థమవుతుంది.

చికిత్స ఎలా ఉంటుంది?

చాలామంది భయపడేంత పెద్దది కాదు.

థర్మల్ అబ్లేషన్: వేడి చేసిన చిన్న పరికరాన్ని మార్పులున్న చోట కొన్ని సెకన్లు ఆనిస్తారు. చెడు కణాలు మాడిపోతాయి. బ్యాటరీతో నడిచే మెషీన్లు వచ్చాయి కాబట్టి చిన్న దవాఖానల్లోనూ వీలవుతుంది.

క్రయోథెరపీ: అదే పనిని చల్లటి గ్యాస్‌తో గడ్డకట్టించి చేస్తారు.

లీప్: సన్నటి కరెంటు తీగతో మార్పులున్న భాగాన్ని మాత్రమే కోసి తీసేస్తారు. ఆ ముక్కను ల్యాబ్‌కు పంపుతారు. మార్పులు ఎక్కువ చోట వ్యాపించినా, లోపలికి వెళ్లాయని అనుమానం ఉన్నా ఇదే చేస్తారు. మత్తు ఆ ఒక్కచోటికే ఇస్తే చాలు.

ఎక్కువమంది అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. కొన్ని వారాలు నీళ్లలా స్రావం కావచ్చు. సుమారు నెల రోజులు భార్యాభర్తలు దూరంగా ఉండాలి. జ్వరం, దుర్వాసన, ఎక్కువ రక్తస్రావం ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.

గర్భసంచి తీసేస్తే సమస్య పోతుందా?

తెలుగు రాష్ట్రాల్లో ఇది చాలా పెద్ద సమస్య. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. తెలంగాణలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా సర్వైకల్ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు సుమారు 3 శాతమే. దేశ సగటు 1.9 శాతం. తమిళనాడులో 9.8 శాతం. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం ఉంటే, తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో 8 శాతానికి పైనే.

రెండు లెక్కల్లో వయసులు వేరు కాబట్టి నేరుగా పోల్చలేం. అయినా విషయం అర్థమవుతూనే ఉంది. పరీక్ష చేయించుకున్నవారి కంటే గర్భసంచి పోగొట్టుకున్నవారే ఎక్కువ ఉన్నట్టు!

‘తెల్లబట్ట అవుతోంది.. ఇట్లనే వదిలేస్తే క్యాన్సర్ అవుతది’ అన్న ఒక్క మాటతో ఆపరేషన్ బల్ల ఎక్కిన మహిళలు ఎందరో. తెల్లబట్టకు ఎక్కువసార్లు కారణం మామూలు ఇన్ఫెక్షన్. మాత్రలతో తగ్గుతుంది. 30, 35 ఏళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు బలహీనపడటం, గుండె జబ్బుల ముప్పు లాంటివి ముందే మొదలవుతాయి. అనవసర గర్భసంచి ఆపరేషన్లపై దాఖలైన పిటిషన్‌లో, కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

కొందరికి గర్భసంచి తీయడం నిజంగానే అవసరం కావచ్చు. కానీ ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి..

1. నాకు పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ చేశారా? రిపోర్టు ఏది?
2. బయాప్సీ చేశారా? అందులో సీఐఎన్ ఎంత వచ్చింది?
3. లీప్, థర్మల్ అబ్లేషన్‌తో ఎందుకు కాదు?
4. ఆపరేషన్‌లో ముఖద్వారం, అండాశయాలు ఉంచుతారా, తీస్తారా?

సమాధానం కుదరకపోతే రెండో డాక్టర్‌ను అడగడం మీ హక్కు. సీఐఎన్ కోసం గర్భసంచి తీయించుకున్నవారికి కూడా తర్వాత చెకప్‌లు అవసరమే. యోని పైభాగంలో మార్పులు వచ్చే అవకాశం ఉంటుంది.

చికిత్స అయ్యాక ఏం చేయాలి?

సరిగ్గా చేసిన చికిత్సతో చాలామందిలో మార్పులు పూర్తిగా పోతాయి. కొద్దిమందిలో మిగిలిపోవడం గానీ తిరిగి రావడం గానీ జరుగుతుంది. అది కూడా ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. అందుకే 12 నెలలకు మళ్లీ పరీక్ష తప్పనిసరి. ఆ తర్వాత కూడా డాక్టర్ చెప్పిన గడువుల ప్రకారం పోవాలి. క్యాన్సర్ ముప్పు మిగతావారి కంటే కొంత ఎక్కువగానే చాలా ఏళ్లు ఉంటుంది.

లీప్ చేయించుకున్నవారు తర్వాత గర్భం దాలిస్తే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం స్వల్పంగా పెరుగుతుంది.

భైంసా ప్రాంతంలో ఎవరిని అడగాలి?

భైంసా అంటే పత్తి, జిన్నింగ్ మిల్లులు, బీడీలు. పత్తి ఏరే రోజుల్లో ఒక్క పూట పోయినా కూలి పోయినట్టే. నిర్మల్‌కో, నిజామాబాద్‌కో, నాందేడ్‌కో వెళ్లాలంటే తోడు కావాలి, బస్సు ఖర్చు కావాలి. ఒకసారి పరీక్ష చేయించుకున్నవారు కూడా రెండోసారి పోకపోవడానికి కారణాలు ఇవే. ఇంట్లో తెలుగు, మరాఠీ, ఉర్దూ ఏది మాట్లాడినా ఇబ్బంది మాత్రం ఒక్కటే.

• ముందు మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎంను అడగండి. 30 ఏళ్లు దాటిన మహిళలకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయడం జాతీయ కార్యక్రమంలో భాగం. వీఐఏ ఐదేళ్లకోసారి అని కేంద్రం 2016 మార్గదర్శకాల్లో ఉంది.
• రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చి 8న కరీంనగర్‌లో ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమం మొదలుపెట్టింది. మొదట 100 కేంద్రాల్లో, ప్రతి మంగళవారం మహిళలకే ప్రత్యేకంగా పరీక్షలు అని ప్రకటించారు. మీకు దగ్గర్లో ఏ పీహెచ్‌సీలో, ఏ రోజు చేస్తున్నారో కనుక్కోండి.
• భైంసా ఏరియా ఆస్పత్రిలో గైనకాలజిస్ట్‌ను కలిసి కాల్పోస్కోపీ ఎక్కడ చేస్తారో, ఎవరికి రిఫర్ చేస్తారో రాసి ఇమ్మని అడగండి.
• క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9 నుంచి రూ.10 లక్షలకు పెంచారు. రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులన్నీ వెంట పెట్టుకోండి.
• రిపోర్టు ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి. మళ్లీ రావాల్సిన తేదీని క్యాలెండర్ మీద రాసిపెట్టండి.

టీకా సంగతేంటి? ఖమ్మం భయం ఇంకా ఉందా?

హెచ్‌పీవీ టీకా అనగానే చాలామందికి ఖమ్మం గుర్తొస్తుంది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పాత్ అనే సంస్థ 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకా వేయించింది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ తల్లిదండ్రులకు సరిగ్గా చెప్పకుండా, హాస్టల్ వార్డెన్ల సంతకాలతో పని కానిచ్చిన తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. టీకా సురక్షితమే. అనుమతి తీసుకున్న పద్ధతే తప్పు. ఈ రెండూ నిజమే.

ఇక్కడే ఓ ఆసక్తికర విషయం ఉంది. అదే సమయంలో మేడ్చల్ దగ్గరి మెడిసిటీ సహా దేశంలో తొమ్మిది కేంద్రాల్లో మరో టీకా అధ్యయనం నడుస్తోంది. 2010 నిలిపివేతతో అది కూడా ఆగింది. వేల మంది అమ్మాయిలకు ఒక్క డోసే అందింది. పదేళ్ల తర్వాత చూస్తే ఆ ఒక్క డోసే 16, 18 రకాల వైరస్ తిష్ట వేయకుండా 95 శాతం రక్షణ ఇచ్చినట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క డోసు కూడా సరిపోతుందని చెప్పడానికి ఆధారమైన వాటిలో ఇది ఒకటి.

ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్లకే టీకా వేసుకున్న తరంలో సీఐఎన్-3 కేసులు 97 శాతం, క్యాన్సర్ 87 శాతం తగ్గాయని 2021లో తేలింది. మన దేశంలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావ్యాక్ 2023 జనవరిలో విడుదలైంది. టీకాకు సరైన వయసు 9 నుంచి 14 ఏళ్లు. మీ అమ్మాయికి ఎక్కడ, ఎప్పుడు వేస్తారో ఏఎన్‌ఎంను అడగండి. అయితే అమ్మకు టీకా కాదు, పరీక్ష ముఖ్యం. ఇప్పటికే వచ్చిన మార్పులను టీకా పోగొట్టలేదు.

ఈ లక్షణాలుంటే ఆగొద్దు!

• భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం కనిపించడం
• నెలసరి మధ్యలో రక్తస్రావం
• నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం
• దుర్వాసనతో, రక్తం కలిసిన తెల్లబట్ట
• తగ్గని నడుము నొప్పి, కాళ్ల వాపు

ఇవి ఉంటే క్యాంపు కోసం, మంగళవారం కోసం ఎదురుచూడొద్దు. వెంటనే గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి.

2030 నాటికి 90 శాతం బాలికలకు టీకా, 70 శాతం మహిళలకు పరీక్ష, జబ్బు బయటపడ్డ 90 శాతం మందికి చికిత్స.. ఇదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న టార్గెట్. తెలంగాణలో పరీక్ష 3 శాతం దగ్గర ఉన్న సర్వే లెక్క చూస్తే అది చాలా దూరం. కానీ ఒక ఇంటికి ఈ లెక్కలతో పనిలేదు. 30 దాటిన అమ్మ, అక్క, వదిన ఒక్కసారి పరీక్షకు పోవాలి. రిపోర్టులో ఏదైనా వస్తే రెండోసారి పోవాలి. ఆ రెండోసారి కూడా వాళ్లు వెళ్లేలా ఇంట్లో మగవాళ్లు ఒక పూట పని మానుకుని తోడు పోవాలి.

ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. మీ రిపోర్టును బట్టి ఏ చికిత్స అవసరమో డాక్టర్‌ను అడిగే నిర్ణయం తీసుకోండి.